చిల్‌కూట్ కనుమ దాటి డాసన్ దాకా: యూకాన్ దారిలో నడకా, కయాకూ

కెనడా వాయవ్యాన ఉన్న యూకాన్ నదిలో కయాక్ వేసుకుని వెళ్దామనుకునేవాళ్లు మొదట అడిగేది ఫైవ్ ఫింగర్ రాపిడ్స్ గురించే. నది మధ్యలో నాలుగు రాతి స్తంభాలు, వాటి సందుల్లోంచి ఉరికే నీళ్లు. ఫొటో చూస్తేనే గుండె గుభేలుమంటుంది. అయినా ఆ ఉరవడి దాటడానికి పట్టేది ఒకటి రెండు నిమిషాలే. దానికి చాలా ముందు, వైట్‌హార్స్ ఊరు దాటిన మర్నాడే, ప్రవాహమన్నదే లేని 50 కి.మీ. సరస్సు ఒకటి ఎదురవుతుంది. పేరు లబార్జ్. ఈ దారిలో జాగ్రత్త మొత్తం దాచి పెట్టుకోవాల్సింది ఆ సరస్సు కోసం. మీ సాధన, బట్టలు, పడవ ఎంపిక, రోజువారీ వేళలు అన్నీ దాన్నిబట్టే నిర్ణయించుకోండి.

అలాస్కా, కెనడా సరిహద్దులోని చిల్‌కూట్ కనుమ మొదట్నుంచీ తీరప్రాంతపు ట్లింగిట్ ప్రజల వర్తక మార్గం. 1896 ఆగస్టులో డాసన్ దగ్గరి క్లాండైక్ నదిలో కలిసే ఒక వాగులో బంగారం బయటపడింది. 1897-98 చలికాలంలో వేలమంది ఈ కనుమ ఎక్కారు. ఒక్కొక్కరి దగ్గర ఏడాదికి సరిపడా సరుకు, అంటే దాదాపు ఒక టన్ను, ఉంటే తప్ప కెనడా పోలీసులు సరిహద్దు దాటనివ్వలేదు. ఆ బరువును విడతలు విడతలుగా మోసుకుని, బెన్నెట్ సరస్సు ఒడ్డున చెట్లు కోసి పడవలు చేసుకుని, మంచు విడిపోగానే నది వెంట డాసన్‌కు దిగారు. ఇప్పుడు ఆ దారినే డయీ నుంచి బెన్నెట్ వరకు 53 కి.మీ. నడిచి, వైట్‌హార్స్ నుంచి డాసన్ సిటీ వరకు 715 కి.మీ. తెడ్డు వేసి పూర్తి చేయవచ్చు. మధ్యలో బెన్నెట్, టాగిష్, మార్ష్ సరస్సులున్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ భాగాన్ని రైలు, బస్సులతో దాటేయడమే మంచిది. బెన్నెట్‌కు రోడ్డు లేదు, అక్కడికి అద్దె పడవ చేర్చుకోవడమే పెద్ద పని. పైగా కొండల మధ్య ఇరుకుగా పడుకున్న ఆ సరస్సు మీద గాలి చాలా గట్టిగా వీస్తుంది.

కాగితాలు, తేదీలు

భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు రెండు దేశాల వీసాలూ కావాలి. నడక మొదలయ్యే డయీ అలాస్కాలో ఉంది, కనుమ శిఖరం దగ్గర కెనడా వస్తుంది. అమెరికాలో ఉంటున్న మనవాళ్లలో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఆ కార్డు, పాస్‌పోర్ట్ చూపిస్తే కెనడాలోకి వీసా లేకుండా వెళ్లవచ్చు. హెచ్1బి మీద ఉన్నవాళ్లకు మాత్రం కెనడా వీసా తప్పదు. కనుమ మీద ఇమిగ్రేషన్ కౌంటర్ ఏమీ ఉండదు కాబట్టి, కెనడా సరిహద్దు అధికారులకు ఎప్పుడు, ఎలా రిపోర్ట్ చేయాలో పర్మిట్ తీసుకునేటప్పుడే కనుక్కుని రాసిపెట్టుకోండి.

చిల్‌కూట్ పర్మిట్‌ను కెనడా జాతీయ పార్కుల సంస్థ పార్క్స్ కెనడా ఇస్తుంది. శిఖరం దాటేవాళ్ల సంఖ్యకు రోజుకు 50 మంది అని పరిమితి ఉంది. ఏ రాత్రి ఏ క్యాంపులో ఉంటారో ముందే చెప్పాలి, దారిలో మార్చుకోవడానికి వీలుండదు. జులై మధ్య తేదీలు కావాలంటే చలికాలంలో బుకింగ్ తెరవగానే కూర్చోవాలి. 2022 అక్టోబరు వరదలకు అమెరికా వైపు దారి బాగా దెబ్బతింది. ఆ తర్వాతి సీజన్లలో కెనడా వైపు మాత్రమే తెరిచిన సందర్భాలున్నాయి. అందుకని విమానం టికెట్లు కొనేముందు, ఆ ఏడాది దారి ఎక్కడి నుంచి ఎక్కడి వరకు తెరిచి ఉందో పార్క్స్ కెనడా దగ్గర, అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ దగ్గర విడివిడిగా అడగాలి.

బెన్నెట్ నుంచి బయటపడే రైలుకు కూడా ముందే టికెట్ తీసుకోవాలి. ఇక్కడ ఒక చిక్కుంది. వేసవిలో అలాస్కా గడియారం యూకాన్ కన్నా ఒక గంట వెనక ఉంటుంది. టికెట్ మీద వేసిన వేళ ఏ గడియారం ప్రకారమో కనుక్కోకపోతే రైలు తప్పిపోవచ్చు. అది తప్పితే రోడ్డు లేని బెన్నెట్‌లో చిక్కుకుపోతారు.

నది సీజన్ జూన్ నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు. లబార్జ్ మీద మంచు మే చివర, ఒక్కోసారి జూన్ మొదట్లో గానీ విడిపోదు. జూన్‌లో రాత్రన్నదే దాదాపు ఉండదు, గాలి పడిపోయిన ఏ వేళలోనైనా తెడ్డు వేయవచ్చు. బదులుగా దోమలు విపరీతం. ఆగస్టులో దోమలు తగ్గుతాయి, నెలాఖరుకు చీకటి పడి ఉత్తర ధ్రువ కాంతులు కనిపించే అవకాశం కూడా ఉంటుంది. కనుమ మీద జులై మొదటి వారాల దాకా మంచు ఉంటుంది కాబట్టి, నడకా నదీ రెండూ కలిపి చేసేవాళ్లు జులై చివరి వారంలో నడక మొదలుపెట్టి, ఆగస్టులో నదిలో దిగితే రెండూ కుదురుతాయి.

కనుమ

53 కి.మీ.కు నాలుగైదు రోజులు పెట్టుకోండి. మొదటి రెండు రోజులూ వానతో తడిసిన కోనసీమంత పచ్చటి అడవిలో నడక. బురద, వేర్లు, చెక్క వంతెనలు తప్ప పెద్ద కష్టం ఉండదు. అసలు రోజు షీప్ క్యాంప్ నుంచి హ్యాపీ క్యాంప్ వరకు. దూరం సుమారు 12 కి.మీ. మాత్రమే గానీ, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. శిఖరం 1,067 మీటర్లు. హిమాలయాలు చూసినవాళ్లకు ఆ అంకె చిన్నదే. కానీ మొదలైంది సముద్ర మట్టం నుంచి, పైగా ‘గోల్డెన్ స్టెయిర్స్’ అని పిలిచే చివరి ఎక్కుడు పెద్ద పెద్ద బండరాళ్ల కుప్ప. అక్కడ ట్రెకింగ్ కర్రలు మడిచి బ్యాగుకు కట్టేసి రెండు చేతులూ ఖాళీగా పెట్టుకోవాలి. కర్ర రాళ్ల సందులో ఇరుక్కుంటే మణికట్టో కర్రో విరుగుతుంది. కింద మనుషులుంటే వాళ్ల నెత్తికి సూటిగా కాకుండా పక్కగా ఎక్కండి, రాళ్లు దొర్లుతాయి.

షీప్ క్యాంప్ నుంచి ఉదయం ఆరింటికల్లా బయలుదేరాలి. సీజన్ మొదట్లో, మధ్యాహ్నానికి మంచు మెత్తబడి పైనుంచి జారే ప్రమాదం ఉంది. 1898 ఏప్రిల్ 3న ఈ దారిలోనే మంచు పెళ్లలు విరిగిపడి పదులకొద్దీ జనం చనిపోయారు. శిఖరం దాటాక పొగమంచులో దారి కనిపించకపోతే, గుర్తుగా పాతిన కర్రలు ఒకదాని తర్వాత ఒకటి కంటపడేదాకా ముందుకు అడుగేయవద్దు. పైన గాలి, వాన కలిస్తే ఆగస్టులోనూ చేతులు కొంకర్లు పోతాయి. కాబట్టి వాన కోటు, లోపలి ఉన్ని చొక్కా, పొడి చేతి తొడుగులు బ్యాగు అడుగున కాకుండా పైన ఉండాలి.

బ్యాగు బరువు తిండితో సహా 15 కిలోలు దాటితే ఆ రోజు మోకాళ్లు చెబుతాయి. కెనడా వైపు మంటలు వేయనివ్వరు, స్టవ్ తప్పనిసరి. దారి పక్కన తుప్పుపట్టిన డబ్బాలు, బూట్ల అట్టలు, విడదీసిన పడవ చట్రాలు కనిపిస్తాయి. వాటిని ముట్టుకోవచ్చు అనుకోకండి. అవి రక్షిత వస్తువులు, జేబులో వేసుకోవడం నేరం.

పడవ ఎంపిక, సర్దుడు

వైట్‌హార్స్‌లో పడవలు అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. డాసన్‌లో పడవ అప్పగించేసి రోడ్డు మీద వెనక్కి వచ్చే ఏర్పాటు కూడా వాళ్లే చేస్తారు. కనూ (పైన కప్పు లేని పడవ) తీసుకోవాలా, కయాక్ తీసుకోవాలా అన్న వాదం ఎప్పుడూ ఉంటుంది. కనూలో సామాను ఎక్కువ పడుతుంది, దిగడం ఎక్కడం తేలిక. అయినా మా ఓటు సముద్రపు కయాక్‌కే. లబార్జ్ మీద ఎదురుగాలి లేచినప్పుడు నీటికి దగ్గరగా ఉండే కయాక్ సగం శ్రమతో ముందుకు పోతుంది. పైన కప్పు ఉంటుంది కాబట్టి అల వచ్చి పడినా లోపలికి నీళ్లు రావు.

ఐదు మీటర్ల పొడవు, ముందూ వెనకా నీళ్లు చొరని గదులు, చుక్కాని లేదా స్కెగ్ (అడుగున దించే, తిరగని చిన్న రెక్క) ఉన్న ప్లాస్టిక్ కయాక్ సరిపోతుంది. గులకరాళ్ల దిబ్బల మీదికి రోజుకు నాలుగుసార్లు ఈడ్చుతారు, ఫైబర్ అయితే గీతలు పడుతుంది. తీసుకునేముందు మూడు చూడండి. హ్యాచ్ (ఆ గదుల నోరు) మూతల రబ్బరు అంచులు చిట్లి ఉన్నాయా? చుక్కాని తీగలు పెడల్ దగ్గర పీచులు లేచాయా? కాక్‌పిట్ (మనిషి కూర్చునే గొయ్యి) అంచుకు మీ స్ప్రే స్కర్ట్ (నడుముకు తొడుక్కుని, నీళ్లు రాకుండా ఆ గొయ్యిని మూసే తొడుగు) గట్టిగా పడుతోందా, ముందున్న పట్టీ లాగితే ఒక్క గుంజుకు ఊడుతోందా? ఈ మూడోది నీళ్లలో కాకుండా దుకాణం గచ్చు మీదే పదిసార్లు చేసి చూడాలి.

కెనడా చట్టం ప్రకారం మనిషికొక లైఫ్ జాకెట్, నీటిమీద తేలే 15 మీటర్ల తాడు, నీళ్లు తోడే పంపు, ఈల ఉండాలి. వీటికి తోడు జట్టుకొక అదనపు తెడ్డు, మనిషికొక పాడిల్ ఫ్లోట్ (తెడ్డు కొసకు తగిలించే తేలుడు తిత్తి). తెడ్డు పొడవు 220 నుంచి 230 సెం.మీ. లైఫ్ జాకెట్ జేబులో ఈల, లైటర్, ఉపగ్రహ మెసెంజర్ ఉండాలి. పడవ చేజారితే మీ దగ్గర మిగిలేది ఒంటిమీద ఉన్నదే. వైట్‌హార్స్, కార్మాక్స్, డాసన్ చుట్టుపక్కల తప్ప నది పొడవునా ఫోన్ సిగ్నల్ ఉండదు.

రెండు గదులూ కలిపి 150 నుంచి 200 లీటర్లు పడుతుంది. పెద్ద డ్రై బ్యాగులు (నీళ్లు చొరని సంచులు) రెండు తెచ్చి హ్యాచ్‌లో పట్టక ఒడ్డున తల పట్టుకునేవాళ్లు ఎక్కువ. 5, 8, 13 లీటర్ల చిన్నవి డజను తెచ్చుకోండి. బరువైనవి, అంటే నీళ్లు, బియ్యం, ఇంధనం, కాక్‌పిట్‌కు దగ్గరగా, అడుగున. తేలికైనవి కొసల్లో. వెనక బరువు ఎక్కువైతే ముందు కొస లేచి గాలికి తిరిగిపోతుంది, ముందు ఎక్కువైతే అలలో దూరిపోతుంది. కప్పు మీద ఏమీ కట్టకండి, మ్యాపు తప్ప. నడకకు తెచ్చిన ఫ్రేమ్ బ్యాగు హ్యాచ్‌లో పట్టదు. దాన్ని వైట్‌హార్స్‌లోనే పడవ దుకాణంలో వదిలి వెళ్లాలి.

చల్లనీళ్ల లెక్క

గోదావరిలో ఈత కొట్టి పెరిగినవాళ్లకు కూడా ఇది కొత్త పాఠమే. లబార్జ్ నీళ్లు నడి వేసవిలోనూ చాలా చల్లగా ఉంటాయి. అందులో పడ్డ మనిషికి ఈత రాకపోవడం కన్నా ముందు ఊపిరి ప్రమాదం తెస్తుంది. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ఈ విషయాన్ని 1-10-1 అని మూడు అంకెల్లో చెప్పారు. మంచులాంటి నీళ్లలో పడ్డాక మొదటి ఒక్క నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, తల నీటిపైన ఉంచుకోవడమే పని. తర్వాత పది నిమిషాలు చేతులు, వేళ్లు మాట వింటాయి, బయటపడే పని ఏదైనా ఆలోపే అయిపోవాలి. ఆ పైన ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు గంట. లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్లు ఈ గంట దాకా రారు, మొదటి నిమిషంలోనే నీళ్లు మింగుతారు.

అంటే పడవలోకి తిరిగి ఎక్కే పని పది నిమిషాల లోపు అయిపోవాలి. అది రాసుకుని చదివితే రాదు. ఇంటి దగ్గరి ఈత కొలనులో అయినా సరే, ఇద్దరూ కలిసి చేతికి అలవాటయ్యేదాకా చేయాలి. పద్ధతి ఇది. పడ్డ మనిషి పట్టీ లాగి స్కర్ట్ విప్పుకుని బయటికొచ్చి, తన పడవను వదలకుండా పట్టుకుంటాడు. రెండో మనిషి తన కయాక్‌ను దానికి అడ్డంగా తెచ్చి, బోర్లాపడిన పడవ ముందు కొసను తన కప్పు మీదికి లాగుతాడు. కాక్‌పిట్‌లోని నీళ్లు దానంతటవే కారిపోతాయి. అప్పుడు పడవను తిప్పి సరిచేసి, నీళ్లలోకి జార్చి, రెండు పడవలూ పక్కపక్కన, ఒకదాని ముందు రెండోదాని వెనక వచ్చేలా పెట్టి గట్టిగా పట్టుకుంటాడు. పడ్డవాడు వెనక కప్పు మీదికి బోర్లా ఎక్కి, కాళ్లు ముందుగా లోపలికి జార్చి, తిరిగి కూర్చుంటాడు. స్కర్ట్ వేశాకే పంపుతో మిగిలిన నీళ్లు తోడాలి, లేకపోతే తోడేకొద్దీ అలలు నింపుతుంటాయి.

ఒంటి మీద కనీసం మూడు మిల్లీమీటర్ల నియోప్రీన్ (రబ్బరు) సూట్, వీలైతే డ్రై సూట్ (లోపలికి నీళ్లే చొరనిది). నూలు బనియన్లు, జీన్స్ నదిలో పనికిరావు. తడిస్తే ఒంటి వేడి లాగేస్తాయి.

లబార్జ్

వైట్‌హార్స్‌లో ఆనకట్ట ఉంది. 1958లో కట్టారు, ఒకప్పుడు బంగారం వేటగాళ్లు భయపడ్డ వైట్‌హార్స్ రాపిడ్స్ దాని కిందే మునిగిపోయాయి. అందుకని పడవ దింపేది ఆనకట్టకు దిగువన, ఊళ్లో పార్కు దగ్గరి రేవులో. అక్కడి నుంచి సరస్సు ముఖద్వారం సుమారు 40 కి.మీ. మొదటి రాత్రి సరస్సులోకి దిగకుండా దానికి ముందే ఆగండి.

ఎక్కువమంది కుడి ఒడ్డు, అంటే తూర్పు ఒడ్డు, పట్టుకుని వెళ్తారు. మీరూ అలాగే చేయండి. ఒడ్డుకు యాభై అరవై మీటర్ల లోపే ఉండాలి. నడి సరస్సు గుండా అడ్డంగా కోసుకుపోతే రెండు మూడు కిలోమీటర్లు కలిసొచ్చినట్టు అనిపిస్తుంది. కానీ సరస్సు వెడల్పు కొన్నిచోట్ల 5 కి.మీ., అక్కడ బోల్తాపడితే పది నిమిషాల్లో ఏ ఒడ్డూ చేరలేరు. ఉదయం నాలుగింటికి లేచి పదకొండుకల్లా ఆ రోజు పని ముగించాలి. ఎండ ఎక్కాక గాలి లేస్తుంది, గంటలోపే అర మీటరు అలలు వస్తాయి. నీటిమీద తెల్లనురగ కనిపించిందంటే వెంటనే ఒడ్డుకు వెళ్లిపోవడమే, ‘ఆ మలుపు దాటి ఆగుదాం’ అనుకోవద్దు. మలుపు అవతల కొండ కొమ్ము నీళ్లలోకి దిగి ఉంటుంది, దిగే చోటు ఉండకపోవచ్చు.

వెనక నుంచి వచ్చే గాలి సాయం చేస్తుందనుకుంటారు. నిజానికి కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది అప్పుడే. అల వెనక కొసను ఎత్తి పక్కకు తోస్తుంది, పడవ అడ్డం తిరుగుతుంది, తర్వాతి అల పక్కనుంచి కొడుతుంది. చుక్కాని లేదా స్కెగ్ దించి, అల వీపు మీద ఉన్నప్పుడు గట్టిగా తెడ్డు వేసి, అల కింద నుంచి పోతున్నప్పుడు తెడ్డు నీళ్లకు ఆనించి నిలదొక్కుకోవాలి. ప్రవాహం లేని 50 కి.మీ.కు తొమ్మిది పది గంటల తెడ్డుపని, కాబట్టి రెండు ఉదయాలు. గాలికోసం ఇంకో పూర్తి రోజు లెక్కలో పెట్టుకోండి. తిరుగు విమానం బిగుతుగా బుక్ చేసుకున్నవాళ్లే గాలి తగ్గకముందే సరస్సులోకి బయలుదేరేది.

నది చదవడం

సరస్సు చివర నుంచి టెస్లిన్ నది కలిసే హూటలింక్వా దాకా థర్టీ మైల్ అంటారు. 1991లో దీన్ని కెనడా వారసత్వ నదుల్లో చేర్చారు. నీళ్లు అద్దంలా ఉంటాయి, అడుగున గులకరాళ్లు పరుగెత్తుతున్నట్టు కనిపిస్తాయి, వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. ఇక్కడి నుంచి రోజుకు 50 నుంచి 70 కి.మీ. పెద్ద కష్టం లేకుండా వెళ్లవచ్చు. మలుపులు గట్టివి. వెలుపలి అంచున నీళ్లు వేగంగా ఉంటాయి గానీ, అక్కడే గట్టు కోసుకుపోయి స్ప్రూస్ చెట్లు నీళ్లమీదికి ఒరిగి ఉంటాయి. కొమ్మల కిందికి పడవ వెళ్లిందంటే నీరు పోతుంది, మనిషి ఇరుక్కుంటాడు. మలుపులో వేగపు నీటికి లోపలి అంచున ఉండండి, వెలుపలి అంచున కాదు.

దిగేటప్పుడు నేరుగా ఒడ్డుకు ముక్కు పెట్టకూడదు. ముందే పడవను ఎగువకు తిప్పి, ప్రవాహానికి కాస్త కోణంలో తెడ్డు వేస్తూ పక్కకు జరుగుతూ ఒడ్డును ఆనుకోవాలి. రాళ్ల వెనక, ఉపనదుల నోట నీళ్లు ఎదురు తిరుగుతుంటాయి. ఆ గీత దాటేటప్పుడు పడవ ఏ వైపు తిరుగుతోందో ఆ వైపుకే ఒళ్లు వాల్చాలి, సైకిల్ మలుపులో వాల్చినట్టు. భయంతో అవతలికి వాలితే బోల్తా ఖాయం.

కార్మాక్స్ వైట్‌హార్స్ నుంచి నదిమీద సుమారు 320 కి.మీ. దారిలో దుకాణం ఉన్న ఊరు ఇదొక్కటే. అందుకని తిండి రెండు భాగాలుగా లెక్కవేయండి.

అక్కడి నుంచి నలభై కి.మీ. లోపే ఫైవ్ ఫింగర్. చేయాల్సింది కుడి చివరి పాయలో వెళ్లడం, అంతే. చాలా ముందు నుంచే కుడి ఒడ్డు పట్టుకోండి, చివర్లో నది దాటి కుడికి రావాలని చూడకండి. స్కర్ట్ బిగించి, జారుడుగా నున్నగా ఉండే నీటి నాలుక మధ్యలో పడవను నిటారుగా పెట్టి, అలలు తగులుతున్నా తెడ్డు ఆపకుండా వేయాలి. ఆపితేనే పడవ అడ్డం తిరుగుతుంది. దాటాక రెండు పక్కలా సుడులుంటాయి, వాటికి దూరంగా మధ్యలోనే కొంత దూరం పోయి ఆగండి. తర్వాత పది కి.మీ.లో రింక్ రాపిడ్స్, అక్కడా కుడి పక్కే. అక్కడ పెద్దగా ఏమీ తెలియదు కూడా.

పెల్లీ నది కలిసే చోట ఫోర్ట్ సెల్‌కర్క్. 1848లో హడ్సన్స్ బే కంపెనీ అనే వర్తక సంస్థ కోసం రాబర్ట్ క్యాంప్‌బెల్ పెట్టిన కోట, తమ వర్తకానికి అడ్డొచ్చిందని 1852లో చిల్‌కాట్ ట్లింగిట్‌లు దాన్ని ఖాళీ చేయించారు. ఇప్పుడు సెల్‌కర్క్ ఫస్ట్ నేషన్ (స్థానిక ఆదివాసీల పాలక సంఘం), యూకాన్ ప్రభుత్వం కలిసి చూసుకుంటున్నాయి. ఒక పూట ఆగి పాత ఇళ్లు, చర్చిలు చూడాల్సిన చోటు. దిగువన కోసుకుపోయిన గట్లలో పైభాగాన తెల్లటి గీత కనిపిస్తుంది. వెయ్యేళ్ల పైన కిందట మౌంట్ చర్చిల్ అగ్నిపర్వతం కురిపించిన బూడిద పొర అది.

ఇక్కడి నుంచి నది లంకల మధ్య పాయలు పాయలుగా చీలిపోతుంది. ఎక్కువ నీళ్లు ఏ పాయలోకి పోతున్నాయో ఆ పాయే పట్టుకోవాలి. దగ్గరిదారిలా కనిపించే సన్నపాయ చివర మెరక వేసి ఉంటే, నిండు పడవను ఈడ్చుకుంటూ వెనక్కి రావాల్సిందే.

తిండి, ఎలుగులు

మనిషికి రోజుకు 750 గ్రాముల పొడి సరుకు వేసుకుంటే సుమారు 3,200 కేలరీలు వస్తాయి. కార్మాక్స్ వరకు ఎనిమిది రోజులు, అదనంగా రెండు, మొత్తం మనిషికి ఏడున్నర కిలోలు. అటుకులు, వేయించిన ఉప్మా రవ్వ, బియ్యం, పెసరపప్పు, పల్లీలు, బెల్లం, కారప్పొడి, చింతపండు. కందిపప్పు ఇంధనం తినేస్తుంది. పెసర, మసూర్ అయితే పొద్దున వెడల్పు మూతి సీసాలో నానబోసి పడవలో పెట్టుకుంటే సాయంత్రానికి పది నిమిషాల్లో ఉడుకుతుంది. రెండు లీటర్ల కుక్కర్ కనుమ మీదికి దండగ. నదిలో మాత్రం ఆ కిలో బరువుకు విలువ ఉంది, హ్యాచ్ నోట్లో పడుతుందో లేదో ముందే కొలవండి. ఇద్దరికి రోజుకు 200 మి.లీ. వైట్ గ్యాస్ (స్టవ్‌లో పోసే ద్రవ ఇంధనం) వేసుకోండి. స్టవ్ ఇంధనం, బేర్ స్ప్రే (మీదికొచ్చే ఎలుగు మొహాన కొట్టే కారం స్ప్రే) రెండూ విమానంలో తీసుకెళ్లనివ్వరు, వైట్‌హార్స్‌లో కొనాలి. ఇంటినుంచి తెచ్చిన తిండి సరుకు ప్రతిదీ కస్టమ్స్‌లో చెప్పేయండి. పచ్చి కరివేపాకు, ఇంట్లో కాచిన నెయ్యి తీసేసుకుంటే ఆశ్చర్యపడవద్దు.

నల్ల ఎలుగులు, గ్రిజ్లీలు రెండూ ఈ దారి పొడవునా ఉంటాయి. ఇంగువ తాలింపు వాసన గాలివాటున చాలా దూరం పోతుంది. అందుకే సాయంత్రం ఐదింటికి ఒకచోట ఆగి వండుకుని తిని, గిన్నెలు కడిగి, మళ్లీ గంటసేపు నదిలో వెళ్లి ఇంకోచోట పడుకోవడం అన్నిటికన్నా మంచి పద్ధతి. ఒకేచోట అయితే వంటకూ గుడారానికీ 100 మీటర్ల దూరం ఉండాలి. వాసన ఉన్నదేదైనా ఎలుగు తెరవలేని డబ్బాలోనే పెట్టాలి. ఆవకాయే కాదు, టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, అమృతాంజనం కూడా. బేర్ స్ప్రే గుడారంలో, నడకలో నడుముకు, అర సెకనులో అందేలా ఉండాలి. బ్యాగులో ఉన్న స్ప్రే లేనట్టే. గులకరాళ్ల లంకల చివర్లు విడిదికి మంచివి. గాలి ఆడుతుంది కాబట్టి దోమలు తక్కువ, చుట్టూ దూరం దాకా కనిపిస్తుంది. అయితే ఎలుగులకు ఈత వచ్చు. తడి ఇసుకలో తాజా అడుగులుంటే ఇంకో లంక చూసుకోండి.

చేపలు పట్టి తిందామన్న ఆలోచన చినూక్ సాల్మన్ విషయంలో అసలు వద్దు. ఆ చేప బాగా తగ్గిపోయి, 2024లో కెనడా, అలాస్కా ఏడేళ్లపాటు వేట ఆపేయాలని ఒప్పందం చేసుకున్నాయి. తరతరాలుగా దానిమీద బతికిన నదీతీర ప్రజలే వల పక్కన పెట్టి కూర్చున్నారు. ఒడ్డున కనిపించే వాళ్ల చేపల విడిదుల్లో ఖాళీగా ఉన్నా దిగకండి.

చివరి రెండు రోజుల నీళ్లు

వైట్ నది కలిసిన చోట యూకాన్ రంగు మారిపోతుంది. హిమానీనదాల పొడి, పాత బూడిద కలిసి పాలచాయ్‌లా అవుతుంది. పడవ అడుగున ఆ పొడి రాసుకుంటూ సన్నగా బుస్సుమని చప్పుడు వస్తుంది, లోపల కూర్చుంటే స్పష్టంగా వినబడుతుంది. ఇక్కడ నీటి ఫిల్టర్ వాడితే పావుగంటలో మూసుకుపోతుంది. వైట్ నదికి ముందే పక్క వాగులో మనిషికి పది లీటర్లు నింపుకోండి. అది అయిపోతే మడత బకెట్‌లో నది నీళ్లు పట్టి, పది లీటర్లకు అర చెంచా పటిక పొడి వేసి కలిపి గంట కదపకుండా ఉంచితే మట్టి అడుక్కు దిగుతుంది. పైనీళ్లు నెమ్మదిగా వంచుకుని, బాగా తెర్లేటట్టు ఒక నిమిషం మరగనివ్వాలి. పటిక మట్టిని దించుతుందే గానీ క్రిములను చంపదు.

ఇంకో ఇబ్బంది, లోతు కనబడదు. నీటిమీద సన్నని గజిబిజి అలలుంటే కింద మెరక ఉందని, నున్నగా నల్లగా సాగుతుంటే లోతుందని గుర్తు. మెరక తగిలితే దిగువ పక్కన దిగకండి, పడవ వచ్చి కాళ్లమీద పడుతుంది. ఎగువ పక్కన దిగి నెట్టాలి.

ఈ రోజులకు మణికట్టు నొప్పి వచ్చి ఉంటుంది చాలామందికి. కారణం తెడ్డును బిగించి పట్టుకోవడం. లాగే చేయి ఒడిసిపట్టి, తోసే చేతి వేళ్లు తెరిచి ఉంచాలి. బలం నడుము తిప్పడంలోంచి రావాలి, మోచేతిలోంచి కాదు. మణికట్టు కదిలిస్తే కిరకిరమని చప్పుడు వస్తే స్నాయువుల పొర వాచినట్టు. ఆ రోజు తెడ్డు ఆపి నీటివాటున పోనివ్వండి, ఈ నది మనల్ని ఎలాగూ మోసుకుపోతుంది.

డాసన్ కుడి ఒడ్డున ఉంది. ఊరికి కాస్త ముందు కుడి నుంచి క్లాండైక్ వచ్చి కలుస్తుంది, దాని తోపుకు పడవ నది మధ్యకు జరిగిపోతుంది. ఊరు కనిపించగానే ఫొటోల్లో పడకుండా, ఆ కలయిక దాటిన వెంటనే మళ్లీ కుడికి చేరుకోవాలి. ఊరి ఉత్తరపు చివర జార్జ్ బ్లాక్ ఫెర్రీ నదికి అడ్డంగా తిరుగుతుంటుంది. దానికి ఎగువనే దిగిపోవాలి. పడవ అప్పగించే ముందు చుక్కాని తీగలు, హ్యాచ్ అంచులు, స్కర్ట్, డ్రై సూట్ జిప్పులు మంచినీళ్లతో కడగండి. ఆ సన్నటి పొడి ఎండితే సిమెంటులా పట్టేసి జిప్పు పళ్లు విరుగుతాయి. వైట్‌హార్స్‌కు రోడ్డు మీద 530 కి.మీ. పైనే ఉంది, వేసవిలో అడవి మంటలకు ఆ రోడ్డు మూసేసే రోజులుంటాయి. కాబట్టి తిరుగు విమానానికి కనీసం రెండు రోజుల ముందే డాసన్ వదలాలి.